బొట్టు పెట్టిన పిస్టన్

మైల దినాలు గడిచాక అమ్మ పూజ అలమర కడిగే పని నా మీద పడింది. కర్మకు వచ్చిన చుట్టాలంతా ఎవరి బస్సు వాళ్ళు ఎక్కేశారు. ఇంట్లో మిగిలింది నేనూ, అమ్మ వాడిన సామానూ. పటాలు దించి తుడిచాను. కుందులూ, గంటా, హారతి పళ్ళెమూ పెరట్లోకి తెచ్చుకుని చింతపండు వేసి తోముతూ కూర్చున్నాను. ఏడవడానికి కూడా కాస్త ఓపిక కావాలి. అది నాకు ఎప్పుడో అయిపోయింది. చివరికి కుంకుమ గిన్నె చేతికొచ్చింది. నల్లగా పొట్టిగా ఉండే గిన్నె, లోపలా బయటా ఏళ్ళ తరబడి పేరుకున్న ఎరుపు. ఇనపదనుకుంటే అంత బరువు లేదు. పక్కన బొటనవేలితో కుంకుమ తోసేస్తే అడుగు దగ్గర చుట్టూ సన్నటి గాడి కనిపించింది. ఎదురెదురుగా రెండు రంధ్రాలు, మైనంతో పూడ్చి ఉన్నాయి. ఇంకొంచెం తోస్తే నిలువునా గీతలు. ఎవరో గోళ్ళతో గీరినట్టు, ఒళ్ళంతా గీతలు. అది గిన్నె కాదు. తలకిందులుగా నిలబెట్టిన పిస్టన్. చెట్లు కోసే చైన్ రంపంలోది, లోపల బిగుసుకుని పట్టేసిన ఇంజన్‌లోంచి తీసింది. ఏ మిషన్‌దో కూడా నాకు తెలిసిపోయింది. తోమడం ఆపేసి దాన్ని పక్కన పెట్టాను.

బతుకంతా పిస్టన్లతో గడిపినదానివి, ఇంట్లో ఉన్న పిస్టన్‌ను గుర్తుపట్టలేదా అని ఎవరైనా అడగొచ్చు. మా అమ్మ ఆ అలమరలో నన్ను చెయ్యి పెట్టనిచ్చేది కాదు. గ్రీజు చేతులు దూరంగా పెట్టుకో అనేది. తనే వేలితో కుంకుమ తీసి నా నొసట పెట్టేది. నాయన పోయాక తను పెట్టుకోవడం మానేసినా, దేవుడికీ నాకూ మాత్రం రోజూ ఆ గిన్నెలోంచే పెట్టింది. నేను కళ్ళు మూసుకుని నొసలు చూపించి షాపులోకి వెళ్ళిపోయేదాన్ని.

మాది దామలచెరువు. మామిడికాయల మండీలు దాటాక రోడ్డు మీద ముందు షాపు, వెనక ఇల్లు. మా నాయన పేరు గోపాలు. మొదట్లో బావుల దగ్గర ఉండే ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. ఊళ్ళోకి కరెంటు మోటార్లు వచ్చాక ఆ ఇంజన్లు గడ్డివాముల పక్కన తుప్పు పట్టాయి, నాయన కొంతకాలం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత చైన్ రంపాలు వచ్చాయి. మా వైపు అందరూ వాటిని ఉత్త మిషన్ అనే అంటారు. నేను తిరుపతిలో డిగ్రీ చదివి ఇంటికొచ్చిన రోజులవి. ఉద్యోగం వచ్చేదాకా సాయం చేద్దామని స్పానర్ పట్టుకున్నాను. ఉద్యోగం రాలేదు, స్పానర్ చేతిలోనే ఉండిపోయింది. నాయన వేళ్ళు లావు, నావి సన్నం, ఇరుకులో ఉన్న బోల్టులన్నీ నా వంతుకు వచ్చాయి. కొన్నాళ్ళకు విప్పే పని నాది, చూసి చెప్పే పని ఆయనది అని తీర్మానం లేకుండానే తీర్మానమైపోయింది.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పొద్దున్నే అమ్మ వేసే సాంబ్రాణి, దాని మీదుగా షాపులోంచి వచ్చే పెట్రోలు. నా సంగటి కూడా పెట్రోలు కంపు కొడతా ఉండాదని అమ్మ గొణిగేది, అయినా ఆ సంగటి ముద్దలో గుంట చేసి చెనిగ్గింజలు నూరిన ఊరిబిండి పచ్చడి వేసి మొదటి ముద్ద నాయనకే పెట్టేది. నాయన తినే ముందు కిరసనాయిలుతో చేతులు తోముకుని, తర్వాత సీకాయ పొడితో రుద్దుకునేవాడు. అయినా గోళ్ళ కింద నలుపు పోయేది కాదు. చెట్లు కోసేవాళ్ళు షాపు ముందర బల్ల మీద కూర్చునేవాళ్ళు. వాళ్ళ చొక్కాల మీద పొట్టు వాసన బట్టి ఆ పొద్దు ఏ చెట్టు కోశారో అమ్మ లోపలి నుంచే చెప్పేది. వేపయితే చేదు, మామిడయితే పులుపు, సరుగుడయితే ఏ వాసనా ఉండదు. అమ్మ చెప్పింది తప్పితే వాళ్ళే నవ్వి, ఈ పొద్దు స్నానం చేసినాములే అక్కా అనేవాళ్ళు.

పట్టేసిన మిషన్ తెచ్చినవాడు మిషన్ గురించే చెప్పుకుంటూ పోతాడు. నాయన అది వినేవాడు కాదు. ఏ చెట్టు కోస్తా ఉండినావు, పచ్చిదా ఎండుదా, ఎండలోనా నీడలోనా, ఆగిపోయే ముందర శబ్దం ఎట్ట మారింది, ఇవి అడిగేవాడు. ఆగే ముందు గొంతు సన్నం చేసుకుని అరిచిందంటే ఎక్కడో దొంగదారిన గాలి పీలుస్తోందని అర్థం. మెల్లగా నీరసించి ఆగిందంటే వేడి. ఆ తర్వాత అమ్మ ఇచ్చిన కాఫీ తాగేవాడు. కాఫీ కానిదే మిషన్ విప్పనిచ్చేవాడు కాదు. అప్పుడు నాకు సైగ చేసేవాడు, నేను సైలెన్సర్ విప్పేదాన్ని. అక్కడ పిస్టన్ ఆడే బోరులోకి చిన్న దారి ఉంటుంది. టార్చి వేసి చూస్తే పిస్టన్ పక్కభాగం కనిపిస్తుంది, జరిగిందంతా దాని మీద ఉంటుంది. ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోలు పోస్తే జిడ్డన్నది లేకుండా పొడి పొడిగా గీరుకుపోయి ఉంటుంది. ఫిల్టర్ చినిగి దుమ్ము లోపలికి పోతే, పెట్రోలు వచ్చే వైపున బూడిద రంగుగా అరిగి ఉంటుంది. సీలు పోయి గాలి పీలిస్తే పొగ పోయే వైపున గీతలు పడతాయి. కొత్త పిస్టన్ వేయడం ఎవరైనా వేస్తారు, పాతది ఎందుకు పోయిందో తెలియకుండా వేస్తే కొత్తది కూడా అదే దారిన పోతుందని ఆయన నమ్మకం. బాగుచేసి ఇచ్చేటప్పుడు పాడైన పిస్టన్‌ను పేపర్లో చుట్టి మిషన్ నడిపేవాడి చేతికే ఇచ్చేవాడు. ఇంట్లో పెట్టుకో, ఆయిల్ మరిచిపొయ్యేటప్పుడు ఒకసారి సూసుకో అనేవాడు.

నాయనకు చూసి చెప్పడంలో ఎంత పేరుందో, అమ్మకు పూజ చేయడంలో అంతకు మించి పేరుండేది. సరోజక్క చేత్తో ఆయుధపూజ చేసిన మిషన్ ఆ ఏడాది మొరాయించదని చుట్టుపక్కల ఒక నమ్మకం. పూతలపట్టు నుంచి, పెనుమూరు నుంచి, సరుగుడు తోపులు కోసేవాళ్ళు సత్యవేడు నుంచి కూడా ముందురోజే మిషన్లు తెచ్చి మా దగ్గర దించేవాళ్ళు. షాపులో చాపలు పరిచి వరసగా పెట్టేవాళ్ళం. అమ్మ తలస్నానం చేసి, రాయి మీద గంధం, పసుపు కలిపి నూరుకుని, ఒక్కో మిషన్‌కూ మూడేసి వేళ్ళతో పట్టీలు తీసేది. మధ్యలో కుంకుమ బొట్టు. బంతిపూల దండ గట్టిగా చుట్టి ముడి వేసేది. బూడిద గుమ్మడికాయ కొట్టాక అందరికీ బొరుగులు, బెల్లం, పుట్నాలు. ఆమె ముఖం ఆ ఒక్కరోజు వెలిగినట్టు ఏడాదిలో మరెప్పుడూ వెలగదు. మా ఇంట్లో మిగతా రోజులన్నీ నాయనవి, ఆ రోజు ఆమెది. పెట్టిన బొట్టు ఎవరూ తుడవకూడదు, అదంతటదే రాలిపోవాలి అని మరీ మరీ చెప్పి పంపేది.

ఒక ఏడాది ఆయుధపూజకు మునిరత్నం తెచ్చిన మిషన్ కొత్తది. మునిరత్నం మా షాపుకు చాలాకాలంగా వచ్చే మనిషి, మా అమ్మను అక్కా అనీ నాయనను అన్నా అనీ పిలిచేవాడు. ఒకప్పుడు బాగా తాగేవాడు, కూతురు పుట్టాక మానేశాడు. మానేసిన సంగతి మాకు తెలుసు గానీ ఊరు నమ్మలేదు. ఒకసారి తాగుబోతు అన్న పేరు వచ్చాక మనిషి మారినా పేరు మారడానికి ఊరు తొందరపడదు. ఆ మిషన్ కట్టెల అడితి నడిపే చెంగల్రాయులుది. తాగనని దేవుడి మీద ప్రమాణం చేయించుకుని మరీ మునిరత్నం చేతికి ఇచ్చాడు. కొత్త మిషన్ కదా అని అమ్మ దానికి అందరికంటే ఎక్కువ చేసింది. గంధం చిక్కగా నూరి, స్టార్ట్ చేసే తాడు లాగే వైపు పక్కరేకు మొత్తం పూసేసింది. మిషన్‌కు ఆ పక్కనే కిటికీ ఊచల్లాగా సన్నటి సందులుంటాయి. లోపలి ఫ్యాను ఆ సందుల్లోంచే గాలి పీల్చి బోరును చల్లబరుస్తుంది. నాయన చూశాడు, నేనూ చూశాను. పూజలో కూర్చున్న మిషన్‌ను మెకానిక్ కళ్ళతో ఎవరు చూస్తారు? ఎంత బాగుందో అనుకున్నాం.

పండగ వెళ్ళిన వారంలోనే చెంగల్రాయులు మిషన్‌ను షాపు బల్ల మీద పెట్టించాడు. తాడు లాగితే కదలలేదు. మునిరత్నం గుమ్మం బయటే నిలబడ్డాడు.

"వీడు మళ్ళా మొదులుపెట్టినాడప్పా గోపాలూ. తాగిన మత్తులో ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోలు పోసినాడు. నువ్వు విప్పి ఆ మాట జెప్పు, సాలు. ఇంక ఈ చుట్టుపక్కల వీని చేతికి మిషన్ ఇచ్చేవాడు ఉండడు," అన్నాడు చెంగల్రాయులు.

"కలిపినానన్నా," అన్నాడు మునిరత్నం. వాడికి వేరే పని రాదు. ఒక మిషన్ కాల్చేశాడన్న పేరు వస్తే ఎవరూ ఇంకో మిషన్ ఇవ్వరు, ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

నాయన ఎప్పటిలాగే అడిగాడు. చింతమాను కోస్తున్నాననీ, ఎండలోననీ, అరవకుండా మెల్లగా నీరసించి ఆగిపోయిందనీ మునిరత్నం చెప్పాడు. నాయన కాఫీ తాగి, ట్యాంకులో మిగిలిన పెట్రోలు తెల్ల గుడ్డ మీద పోసి ఆరనిచ్చాడు. జిడ్డు మరక మిగిలింది. ఆయిల్ ఉంది, సరిగ్గానే ఉంది. ఆ గుడ్డ చూసి నాకు ప్రాణం లేచొచ్చింది గానీ నాయన ముఖం మారలేదు. ఫిల్టర్ చూశాం, శుభ్రంగా ఉంది. దారులన్నీ మూసి సైకిల్ పంపుతో లోపలికి గాలి కొట్టి నీళ్ళ తొట్టిలో ముంచాం, ఎక్కడా బుడగ రాలేదు. సైలెన్సర్ విప్పితే పిస్టన్ ఒకవైపు కాదు, చుట్టూ గీరుకుపోయి ఉంది. అయితే వేడే. కొత్త మిషన్‌కు అంత వేడి ఎందుకొచ్చింది? నాయన పక్కరేకు విప్పమన్నాడు. విప్పాను.

బోరు చుట్టూ ఉండే రేకుల సందుల్లో ఏదో నల్లగా కూరుకుని ఉంది. స్క్రూడ్రైవర్‌తో లాగితే ముద్దలుగా వచ్చింది. మాడిపోయిన బంతిరెక్కలు. ఫ్యాను దండలోంచి ఒక్కో రెక్కా పీకి లోపలికి లాక్కుంది. పక్కరేకు తిప్పి చూస్తే గాలి సందుల్లో గంధం గోడకు పూసిన సున్నంలా గట్టిపడి ఉంది. వెలుతురు దూరేంత సందు కూడా లేదు. లోపల వంటింట్లో అమ్మ సంగటి గెలుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. చెంగల్రాయులు బయట బల్ల మీద అమ్మ పంపిన కాఫీ తాగుతున్నాడు. నాయన ఆ రేకును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏదో ఒకటి చెప్పి పంపేయొచ్చు, తయారీలోనే తేడా అనొచ్చు, ఎవరూ విప్పి చూడరు అని నేను మెల్లగా అన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

"మునిరత్నానికి ఉండేది పనోడన్న పేరొకటే పాపా. మీ అమ్మకు నేనుండాను," అన్నాడు.

లేచి రేకు పట్టుకుని బయటికి వెళ్ళాడు. తప్పు మా ఇంట్లో జరిగిందనీ, పూజలో పూసిన గంధం గాలిని మూసేసిందనీ, పూలు లోపల మాడిపోయాయనీ, మునిరత్నం ఆయిల్ సరిగ్గానే కలిపాడనీ చెంగల్రాయులుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కొత్త బోరూ పిస్టనూ తనే వేసిస్తానన్నాడు. అప్పుడు చూశాను, వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. వచ్చి ఆ మాడిపోయిన రెక్కల్ని వేళ్ళతో నలిపి చూసింది. మునిరత్నం వైపు తిరిగింది.

"నువ్వన్నా తుడిసి ఉండకూడదా, మునిరత్నం?"

"నువ్వు పెట్టిన బొట్టు ఎట్ట తుడిసేదక్కా," అన్నాడు వాడు.

మునిరత్నం పని నిలబడింది. పిస్టన్‌ను నాయన పేపర్లో చుట్టి వాడికే ఇచ్చాడు, ఎవురన్నా ఏమన్నా అంటే ఇది సూపించు అని. ఊళ్ళో మాత్రం ఆ సంగతి గంధాన్నీ పూలనూ వదిలేసి తిరిగింది. సరోజక్క పూజ చేసిన మిషన్ పట్టేసిందంట, అంతే మిగిలింది. మరుసటి ఆయుధపూజకు చాపలు సగం ఖాళీ. ఆ తర్వాత మా సామాను తప్ప ఏమీ లేదు. అమ్మ షాపులోకి రావడమే మానేసింది. నాయన ఏటా పండగ రోజు వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, రా, నువ్వే పెట్టు అనేవాడు. నాకు చేతులు ఖాళీ లేవు అనేది అమ్మ, ఖాళీ చేతులతో కూర్చుని. నేనే గాలి సందులకు దూరంగా, రంపం గొలుసు తిరిగే పట్టీ మీద చిన్న చుక్క పెట్టేదాన్ని. వాళ్ళిద్దరూ ఆ సంగతి మళ్ళీ మాట్లాడుకోగా నేను వినలేదు. అమ్మ సంగటి ముద్ద పెట్టేది, చొక్కాలు ఉతికేది, ఆయన జబ్బుపడ్డప్పుడు పక్క వదల్లేదు. అయినా ఆయనను క్షమించలేదనే నేను అనుకున్నాను. ఆయన పోయాకా అదే అనుకున్నాను. నాయన మీద ఆమెకు ఉన్నంత కోపం, చెప్పొద్దూ, ఒక్కోసారి నాకూ వచ్చేది. నిజం చెప్పి ఆయన నిద్రపోయాడు, ఇంట్లో పండగ పోయింది.

ఇప్పుడు షాపు నాది. ఏడాది పొడుగునా కోతే. తోతాపురి కాయకు ధర లేక ముసలి మామిడి తోటలే కొట్టేస్తున్నారు, కొట్టిన చోట ప్లాట్ల రాళ్ళు లేస్తున్నాయి. మిషన్లు చవకైపోయాయి, పట్టేయడం ఎక్కువైంది. ఆయిల్ కలిపిన పెట్రోలు నెలల తరబడి క్యాన్లో ఉంచేస్తారు, అడుగున నీరు చేరుతుంది, అదే పోస్తారు. ఎందుకు పట్టేసిందో చూద్దాం ఉండండి అంటే, అదంతా ఎందుకక్కా, కొత్త పిస్టన్ సెట్టు ఫోన్లో తెప్పించినాను, వేసియ్యి అంటారు. వేసిస్తాను. నాలుగు నెలలకు మళ్ళీ అదే మిషన్ వస్తుంది. ఏ చెట్టు కోశావని అడిగితే, ఏ చెట్టయితే ఏమి అన్నట్టు చూస్తారు. పాడైన పిస్టన్ పేపర్లో చుట్టి ఇస్తే షాపు ముందరే పారేసి పోతారు. నా వేళ్ళు పొద్దున లేచేసరికి తిమ్మిరెక్కి ఉంటాయి. ఎందుకు అని అడిగేవాళ్ళు లేని చోట కారణం చెప్పి చెప్పి నేను అలిసిపోయాను.

అలమర కడిగిన రోజు మధ్యాహ్నమే మునిరత్నం వచ్చాడు. సత్యవేడు దగ్గర కూతురింట్లో ఉంటున్నాడు, అమ్మ సంగతి ఆలస్యంగా తెలిసిందట. ముసలివాడైపోయాడు. అన్నేళ్ళ మిషన్ చప్పుడుకు రెండు చెవులూ పోయాయి. అరిచి మాట్లాడే ఓపిక లేక, ఆ పిస్టన్ తెచ్చి చేతిలో పెట్టాను. బొటనవేలితో గీతల మీద తడిమి చూశాడు.

"ఇది నాదే పాపా. మీ నాయన నాకిస్తే, మీ అమ్మ మా ఇంటికొచ్చి అడిగి తీసకపొయ్యింది," అన్నాడు. చెవులు పోయినవాళ్ళ గొంతు పెద్దది, వీధిలోకి వినిపిస్తోంది. "ఊరంతా ఆయమ్మను ఒక మాట అంటా ఉండిన దినాలు. నా పేరు నిలబెట్టబొయ్యి నీ పేరు పాయె గదక్కా అని నేను ఏడ్సినాను. ఆయమ్మ అనింది గదా, 'నా పేరు పోతే పోనీలేరా. మీ అన్న ఆ పొద్దు అబద్ధం జెప్పింటే, ఆయనకు సంగటి పెట్టేదానికి నాకు చేతులు వచ్చేవి కాదు' అని."

మరి ఏటా నాయన వచ్చి పిలిస్తే పూజకు ఎందుకు రాలేదు అని అడిగాను. మునిరత్నానికి వినపడలేదు. మళ్ళీ అరవలేదు. ఆ జవాబు నేనే చెప్పుకోగలను. కోపం కాదు, భయం. తన చేయి తగిలి ఇంకెవరి మిషన్ పట్టేస్తుందో, ఇంకెవరి పని పోతుందో అని. అందుకని ఊళ్ళో మిషన్లన్నీ వదిలేసి, ఇంక పట్టేయడానికి ఏమీ లేని ఆ ఒక్క పిస్టన్‌కు బతికినన్నాళ్ళూ కుంకుమ పెడుతూ వచ్చింది. నాయనకు ఈ మాట తెలుసో లేదో. ఆ గుమ్మం దగ్గర నిలబడి ఏటా పిలిచిన మనిషికి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. తలుచుకుంటే ఇప్పుడు ఏడుపొచ్చింది.

మునిరత్నాన్ని బస్సెక్కించి వచ్చి మళ్ళీ పెరట్లో కూర్చున్నాను. కుందులు, గంట, పళ్ళెం ఎండలో ఆరుతున్నాయి. చింతపండు ఇంకా మిగిలి ఉంది. పిస్టన్‌ను తీసుకున్నాను గానీ తోమడానికి చెయ్యి రాలేదు. అట్లాగే లోపలికి తీసుకెళ్ళి అలమరలో దాని చోట దాన్ని పెట్టాను. తర్వాత గ్రీజు మరకలున్న వేలిని అందులో ముంచి, మొదటిసారి నా చేత్తో నేనే బొట్టు పెట్టుకున్నాను.